బొట్లగవి సొరబుర్ర

నేను ఒక సొరబుర్రను. కూరకు పనికిరాని చేదుసొర జాతి మాది. తియ్యసొరను మనుషులు లేతగా ఉన్నప్పుడే కోసుకొని తింటారు. మమ్మల్ని మాత్రం ముదిరి, ఎండి, లోపల గింజలు గలగలలాడేదాకా తీగకే వదిలేస్తారు. నాలుకకు నచ్చకపోవడం వల్ల ఒక్కోసారి ఎక్కువ కాలం బతకవచ్చు. అది మంచిదా కాదా అన్నది వేరే సంగతి.

గవికొట్టాల అనే చిన్న ఊళ్ళో గిడ్డమ్మ ఇంటి కప్పు మీద కాశాను. గిడ్డమ్మ కురువ ఇంటి మనిషి. మగడు పోయాక ఒక్క కొడుకును పెట్టుకొని గొర్రెల మీద బతుకుతూ ఉండేది. ఏటా తొలకరికి గోడవారన చేదుసొర గింజలు నాటేది. కాయలు ఎండాక దించి ఆమె చేసే పనిని తల్లి బిడ్డకు తలంటడంతో పోల్చుకుంటే నాకూ బాగానే ఉంటుంది గాని, అది నిజం కాదు. నా మెడ పట్టుకొని, ఎర్రగా కాలిన కమ్మీతో మూతి పొడిచింది. నీళ్ళు పోసి, లోపలి కండ కుళ్ళేదాకా మూలన పడేసింది. తరవాత గులకరాళ్ళు వేసి, ఉన్నదంతా గీరుకుపోయేట్టు అటూ ఇటూ ఊపింది. కంపు పోయేదాకా, ఆపైన చేదు పోయేదాకా రోజూ నీళ్ళు మార్చింది. ఒకనాడు నాలోని నీళ్ళు కొంచెం నోట్లో పోసుకొని, ఉమ్మేయకుండా మింగింది. ఆ మింగడంతో నా చదువు పూర్తయింది. ఒంటికి ఆముదం పూసి, కిత్తనారతో చిక్కం అల్లి, వేపకట్టెతో బిరడా చెక్కి పెట్టింది.

ఊరి వెనకనుంచే గట్టు మొదలవుతుంది. మా దిక్కు మనుషులు కొండను గట్టు అనే అంటారు. పడుకున్న ఎద్దు వెన్నులాగా అది పొడుగ్గా సాగిపోతుంది. ఇవతల గవికొట్టాల, అవతల పెద్దవంక. చుట్టుకొని పోయే బండిబాట చాలా దూరం. గట్టెక్కి వెన్ను మీదుగా నడిస్తే మాత్రం పొద్దున బయల్దేరినవాళ్ళు పొద్దు వాలేలోగా అవతల దిగుతారు.

అది సున్నపురాయి గట్టు. వాన ఎంత కురిసినా పైన నిలవదు. బండల నెర్రెల్లోకి దిగి, ఎటు పోయిందో తెలియకుండా పోతుంది. కొన్నిచోట్ల అడుగు వేస్తే కింద డొల్లగా మోగుతుంది. బండల అంచులు సానబట్టిన గొడ్డళ్ళలాగా ఉంటాయి. ఎండ పైనుంచి ఒకసారి, తెల్లటి బండల మీద పడి లేచి కిందనుంచి ఇంకోసారి మనిషి మొహానికి కొడుతుంది. చెట్లంటే అక్కడక్కడ తునికి, బలుసు, బొమ్మజెముడు. అంత పొడుగు వెన్ను మీద గుంట లేదు, చెలమ లేదు. నీళ్ళు ఉన్నది ఒకేచోట, బొట్లగవిలో.

గవి అంటే గుహే, నడిగట్టు మీద వంగి దూరాల్సినంత చిన్నది. లోపల చల్లగా, కొంచెం చీకటిగా ఉంటుంది. కప్పునుంచి ఆవు పొదుగులాంటి రాయి వేలాడుతుంది. దాని చనుమొననుంచి ఎండా వానా అని లేకుండా చుక్క తరవాత చుక్క పడుతూ ఉండేది. అది గవి దేవత గవమ్మ పొదుగని రెండు ఊళ్ళవాళ్ళ నమ్మకం. దాని కింద ఎప్పుడూ ఒక సొరబుర్ర ఉంటుంది. గట్టు దాటే మనిషి తన ఖాళీ బుర్రను దాని కింద పెట్టి, అక్కడ నిండి ఉన్నదాన్ని ఎత్తుకుపోవాలి. తరవాత వచ్చినవాళ్ళు దాన్ని ఎత్తుకొని తమది పెడతారు. ఈ పద్ధతిలో ఎవరి బుర్ర ఎవరిదో ఎవరికీ తెలియదు. చేనిగట్టును జానెడు జరిపినందుకు కర్రలు ఎత్తే మనుషులు, కొత్త బుర్రను పెట్టి ఓటి చిక్కందాన్ని ఎత్తుకుపోయినా ఒక్కమాట అనేవాళ్ళు కాదు. మనుషులకు కొన్నిచోట్ల మాత్రమే బుద్ధి ఉంటుంది. ఆ చోట్లను వాళ్ళే దేవుడికి ఒప్పజెప్పుకుంటారు.

దీనితోపాటు ఇంకో కట్టుబాటు ఉంది. గట్టెక్కేటప్పుడు బుర్రలో నీళ్ళు ఉండకూడదు. కిందనే కడుపునిండా తాగి, ఖాళీ బుర్ర భుజాన వేసుకొని ఎక్కాలి. నీళ్ళు మోసుకొని పోతే గవమ్మను నమ్మనట్టట. ఆమెకు కోపం వచ్చి పొదుగు ఎండగడుతుందట. బరువు లేకుండా ఎక్కడానికి ఎవరో తెలివైనవాడు కల్పించి ఉంటాడని నా అనుమానం. కల్పించినవాడు పోయాడు, మాట మిగిలింది.

నన్ను మొదట గట్టెక్కించింది గిడ్డమ్మ కొడుకు కంబగిరి. పొదుగు కింద పెట్టి, వెనక్కి చూడకుండా ఇంకో బుర్ర ఎత్తుకొని వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఎన్ని భుజాలు ఎక్కానో చెప్పలేను. తేనె తీసేవాళ్ళ దగ్గర పొగవాసన పట్టింది. గాజులమ్మే దస్తగిరి గాజుల మలారం పక్కన వేలాడుతూ, గాజుల చప్పుడుకు అలవాటు పడ్డాను. ఒకసారి ప్యాంటు తొడుక్కున్న ఒకాయన వచ్చాడు. సుత్తితో రాయి కొట్టి, ముక్కను సంచిలో వేసుకొని, నాలోని నీళ్ళు తాగి, నన్ను పొదుగుకు దూరంగా ఒక బండ మీద పెట్టి పోయాడు. ఎక్కడ పెట్టాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు. గవి నీళ్ళలో సున్నం ఉంటుంది కాబట్టి పొదుగు కింద కూర్చున్న ప్రతిసారీ నా మూతి చుట్టూ ఒక తెల్లటి పొర మిగిలేది.

ఉరుకుందమ్మను నేను మొదటిసారి చూసింది ఆమె పెళ్ళయిన మర్నాడు. పెద్దవంక పిల్ల. గిడ్డమ్మకు అన్న కూతురు. కంబగిరిని చేసుకొని, పసుపుచీరతో, కాళ్ళకు కొత్త చెప్పులతో గట్టెక్కింది. అవి కరవడంతో, వాటిని చేతిలో పట్టుకొని గవిలోకి వచ్చింది. కంబగిరి నన్ను ఎత్తి అందించాడు. గటగట తాగి, మూతి తుడుచుకొని, నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎవురిది మామా ఇది? శానా బాగుండాది."

"ఎవురిదీ కాదు. ఇంటికి తీసకపోదామని చూస్తాండావా ఏంది?"

"తీసకపోతే ఏమయితాది?"

"గవమ్మ మొగుణ్ణి తీసకపోతాది."

వెనక వస్తున్న గిడ్డమ్మ కసిరింది. "పెండ్లయి ఒక పొద్దు గాలేదు, అవేం మాటలురా నీకు?"

ఉరుకుందమ్మ నవ్వలేదు. నన్ను ఇంకొంచెంసేపు చూసి, "మొగుడు కంటే బుర్రే నయంలే. అడిగితే నీళ్ళన్నా ఇస్తాది," అంది. కంబగిరి గవి మోగేట్టు నవ్వాడు. ఆమె ఏ మాటన్నా అలాగే నవ్వేవాడని తరవాత తెలిసింది. వాళ్ళిద్దరూ ఎప్పుడు గట్టు దాటినా ఆ నవ్వు గవిలోకి ముందుగా వచ్చేది.

గట్టు తూర్పు కొనన రాతిగని మొదలయ్యాక మధ్యాహ్నాలు మారిపోయాయి. రాయి పగలగొట్టే తూటాలు పేలినప్పుడు గవి కప్పునుంచి సన్నగా దుమ్ము రాలేది. చప్పుడు కాసేపటికి అణిగిపోయేది. పొదుగునుంచి చుక్కలు పడుతూనే ఉండేవి. ఎవరూ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు.

చుక్కకూ చుక్కకూ మధ్య దూరం పెరుగుతోందని నాకు ఎప్పుడు తెలిసిందో సరిగా చెప్పలేను. ఇదివరకు ఒక రాత్రి కూర్చుంటే నిండేదాన్ని. తరవాత ఒక రాత్రీ ఒక పగలూ పట్టింది. ఇంకో వేసవికి మూడునాలుగు పొద్దులు కూర్చున్నా మెడదాకా రాలేదు. ఇది మనుషులకు ఎందుకు తెలియలేదంటే, పొదుగు కింద ఎవరూ కూర్చోరు. వస్తారు, ఉన్నది ఎత్తుకుంటారు, పోతారు. సగమే ఉన్న బుర్రను చూసినవాడు, "ఎవడో ఇప్పుడే పెట్టిపోయినాడు" అనుకుంటాడు. పావు ఉన్నదాన్ని చూసినవాడూ అదే అనుకుంటాడు. ఊళ్ళోకి దిగాక ఆ మాట ఎత్తడు. ఎత్తితే తనకు ముందు పోయినవాణ్ణి తప్పుపట్టినట్టు ఉంటుంది. గవి దగ్గర తగవు పెట్టుకున్నవాడన్న పేరు ఎవరికీ అక్కర్లేదు. కొందరు మాత్రం ఎవడో దొంగతనంగా నీళ్ళు మోసుకొని గట్టెక్కుతున్నాడని లోలోపల అనుకున్నారు. నేను అక్కడే కూర్చొని, నన్ను ఇప్పుడే పెట్టారనే మాటను ఎన్ని నోళ్ళనుంచి విన్నానో. కాదని చెప్పడానికి నాకు మూతి ఉంది గాని, మాట లేదు.

ఆ ఏటి వేసవిలో ఒక అమావాస్యనాడు దస్తగిరి నన్ను పొదుగు కింద పెట్టాడు. తెగిన నా చిక్కానికి గాజులు గుచ్చే ఎర్రదారంతో ముడి వేశాడు. అక్కడున్న బుర్రను ఎత్తి ఊపి చూశాడు. అందులో ఉన్నది దోసెడు. "ఎవురో మనకంటే తొందర్లో ఉండార్రా సామీ," అని తనలో తాను నవ్వుకొని వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఎవరూ రాలేదు. అంత ఎండలో గట్టు దాటే పని ఎవరికీ పడలేదు. నెలవంక వచ్చింది, పెరిగింది, గవి మూతిలోకి వెన్నెల పడింది, తగ్గసాగింది. నాలో గుక్కెడు నీళ్ళు చేరాయి.

అప్పుడు ఉరుకుందమ్మ వచ్చింది.

కంబగిరి పొట్టేలు పిల్లలను కొని, మేపి, పెంచి అమ్మేవాడు. ఎండలు ముదిరేముందు మందను తోలుకొని పెద్దవంక దిక్కు బీళ్ళకు పోయాడు. అక్కడి వంక కూడా ఎండిపోవడంతో, మందను ఇంటికి తోలుకొస్తున్నానని కబురు పంపాడు. వస్తానన్న రోజు రాలేదు. మర్నాడు తెల్లవారగానే ఉరుకుందమ్మ రొట్టెలు కట్టుకొని బయల్దేరింది. బుర్రలో నీళ్ళు పోసుకోబోతే గిడ్డమ్మ ఆపిందట.

"నీళ్ళు మోసుకొని ఎక్కుతావా? వాడు ఆ గట్టు మీదే ఉండాడు గదనే. గవమ్మ కోపం వాని నెత్తిన తెస్తావా?"

ఉరుకుందమ్మ పోసిన నీళ్ళను తొట్టిలో వంపేసి వచ్చింది. ఈ మాట నేను చాలా రోజుల తరవాత, వాళ్ళ ఇంట్లో మేకుకు వేలాడుతూ, గిడ్డమ్మ నోటనే విన్నాను. వినడానికి ఇంకెవరూ లేనప్పుడు ఆమె గోడతో చెప్పుకునేది.

ఉరుకుందమ్మ నన్ను ఎత్తి, ఊపి, పెదవి విరిచింది. "ఇప్పుడే పెట్టిపోయినట్టుండారు" అనుకుంది. తను తాగలేదు. తన ఖాళీ బుర్రను పొదుగు కింద పెట్టి, నన్ను భుజాన వేసుకొని వెన్నువెంట నడిచింది.

మొదట పొట్టేళ్ళు కనబడ్డాయి. ఒకదాని నీడలో ఒకటి తల పెట్టి, కదలకుండా నిలబడి ఉన్నాయి. వాటి అవతల బలుసు పొద. పొద పక్కన బండ మీద కంబగిరి. ముందురోజు మధ్యాహ్నం ఒక పొట్టేలు పిల్ల నెర్రెలోకి జారితే, దాన్ని లాగబోయి తనే జారాడు. కాలు మోకాటిదాకా దిగబడి, ఎముక విరిగింది. పిల్ల ఎక్కి వచ్చేసింది. అతను ఎలాగో కాలు లాక్కొని, పొద నీడదాకా పాకాడు. గవిదాకా ఇంకా రాలేదు కాబట్టి, కట్టుబాటు ప్రకారం అతని బుర్ర ఖాళీదే.

"వచ్చినావా," అన్నాడు. గొంతు ఎండుటాకు నలిగినట్టు ఉంది. "ఏ నక్కో అనుకుంటి."

"నక్కయితే నీకు రొట్టెలు తెస్తాదా," అంటూ ఆమె అతని తల ఒళ్ళో పెట్టుకొని నా మూతి అతని నోటికి ఆనించింది.

నాలో ఉన్నదంతా అతను నోట్లోనే ఉంచుకొని, కళ్ళు మూసుకొని, కొంచెం కొంచెంగా మింగాడు. తరవాత నన్ను పట్టుకొని ఊపి చూశాడు.

"ఇంతేనా?"

"గవిలో ఇంతే ఉండె. ఎవురో అప్పుడే పెట్టిపోయినారు."

"ఎవురు? నాకు ఎవురూ ఎదురు రాలేదే."

"మన దిక్కు దిగింటారు."

"మన దిక్కు దిగింటే నీకు కనపడరా?"

ఇద్దరూ కొంచెంసేపు నా వైపు చూశారు. ఆ కొంచెంసేపు నాకు బాగా గుర్తుంది. అడుగు మీద అడుగు వేసుకుంటూ నిజం దగ్గరదాకా వచ్చారు. ఇంకొక్క అడుగు వేస్తే చాలు.

"కట్టెలకు వచ్చినోళ్ళు అయ్యింటారు," అన్నాడు కంబగిరి. "అడ్డదోవన దిగిపోయింటారు."

"అంతే అయ్యింటాది," అంది ఉరుకుందమ్మ.

పాలిచ్చే గొర్రె ఒక్కటి ఉన్నా ఆ పూట గడిచేది. మందలో ఉన్నవన్నీ పొట్టేళ్ళే. ఆమె తన కొంగు చించి అతని కాలికి కట్టెపుల్లలు ఆనించి కట్టింది.

"పెద్దవంకకు దిగి మా నాయనోళ్ళను పిలుచుకొస్తా."

"దిగి, మళ్ళా ఎక్కేతలికి పొద్దు పోతాది. గవి దగ్గరే గదా. నీ బుర్ర ఎప్పుడు పెట్టినావు?"

"పొద్దెక్కేటప్పుడు."

"ఈ పాటికి రెండు గుక్కలన్నా వచ్చింటాయి. ముందు అది తే. నీళ్ళు పడితే నేను రేపటిదాకన్నా ఉంటా. అప్పుడు యాడికన్నా దిగు."

మాట సబబుగానే ఉంది. ఆ గట్టు తెలిసిన ఏ మనిషయినా అదే చెప్పేవాడు. ఆమె లేచింది.

"బిన్నా రా," అన్నాడు అతను. తరవాత నవ్వబోయి, "రాకపోతే ఇంకోదాన్ని చేసుకుంటా," అన్నాడు.

"ఆ కాలితోనా," అంది ఆమె. అతని నవ్వు ఈసారి బయటికి రాలేదు, మొహంలోనే ఆగిపోయింది. రొట్టెల మూట అతని తల దగ్గర పెట్టి, నన్ను భుజాన వేసుకొని ఆమె బండల మీద పరిగెత్తింది.

గవిలో ఆమె పెట్టిన బుర్ర అడుగు కూడా తడవలేదు. ఎత్తి చూసింది. కళ్ళు చీకటికి అలవాటు పడలేదేమోనని వెలుతురులోకి తెచ్చి, వేలు పెట్టి చూసింది. మళ్ళీ తెచ్చి పొదుగు కింద పెట్టి, ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. నన్ను పక్కన పెట్టింది.

చనుమొనకు ఒక చుక్క వేలాడుతోంది. గవి మూతినుంచి వచ్చే వెలుగు అందులో పడి మెరుస్తోంది. అది ఉబ్బింది. ఇప్పుడు పడుతుంది, ఇంక పడుతుంది అన్నట్టు సాగింది. పడలేదు. ఆమె దాని మీదనుంచి చూపు తిప్పలేదు. ఒకసారి చేయి ఎత్తి దాన్ని తుడుచుకుందామని చూసి, మళ్ళీ చేయి దించేసింది. పొదుగును వేలితో తాకకూడదని చిన్నప్పుడు ఎవరో చెప్పి ఉంటారు.

ఎంతసేపటికో ఆమె లేచింది. చీర దులుపుకొని గవి మూతివైపు ఒక అడుగు వేసింది. ఊళ్ళోకి పరిగెత్తాలన్న ఆలోచన ఆమె మొహంలో నాకు స్పష్టంగా కనబడింది. సరిగ్గా అప్పుడు చుక్క పడింది. టప్పుమని బుర్రలో మోగింది.

ఆమె వెనక్కి వచ్చి కూర్చుంది.

ఆ ఒక్క చుక్కా పడకపోయి ఉంటే బాగుండేది. ఆ తరవాత వచ్చిన చుక్క కూడా అలాగే ఉబ్బి, అలాగే వేలాడింది. మధ్యాహ్నం తూటాలు పేలాయి. దుమ్ము రాలింది. ఆమె పొదుగుతో మాట్లాడింది. మొదట బతిమాలింది. తరవాత తిట్టింది. గవమ్మను అంత పచ్చిగా తిట్టిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. తిట్టిన నోటితోనే మళ్ళీ మొక్కింది, మేకపోతును ఇస్తానంది, తన తలవెంట్రుకలు ఇస్తానంది. గవి మూతి దగ్గర ఎండ మెల్లగా పక్కకు జరుగుతూ పోయింది. చివరికి ఆమె ఆ బుర్రను ఎత్తి చూసింది. చిటికెన వేలు ముంచేంత నీళ్ళు. నన్ను భుజాన వేసుకొని, వాటిని పట్టుకొని, ఇటు మగడి దగ్గరికి పోవాలా, అటు ఊరికి దిగాలా అని గవి బయట నిలబడింది. రెండు దిక్కులా ఒక్కో అడుగు వేసింది. అప్పుడు ఊరివైపు పరిగెత్తింది.

గవికొట్టాలలో జనం కూడి, కాగడాలు పట్టుకొని ఎక్కబోతే, చీకట్లో ఆ నెర్రెల మధ్య ఇంకొకరి కాలు పోతుందని పెద్దవాళ్ళు ఆపారు. వెలుగు రాగానే అందరూ బయల్దేరారు. బిందెలతో, క్యాన్లతో నీళ్ళు మోసుకొని ఎక్కారు. నీళ్ళు గట్టెక్కడం నేను చూసింది ఆ పొద్దే. ఎవరూ ఒక్కమాట అనలేదు. గిడ్డమ్మ నెత్తినే అన్నిటికంటే పెద్ద బిందె ఉంది.

పొట్టేళ్ళు రొట్టెల మూట విప్పుకొని తిని, అతని చుట్టూ పడుకొని ఉన్నాయి. మనుషుల అలికిడికి ఒక్కొక్కటే లేచి పక్కకు తప్పుకున్నాయి. కంబగిరి లేవలేదు. గిడ్డమ్మ బిందె దించి, దోసిలితో నీళ్ళు తీసి, కొడుకు పెదవుల మీద పోసింది. అవి చెంపల మీదుగా కారి బండ నెర్రెలోకి దిగిపోయాయి. ఇంకో దోసిలి పోసింది. ఎవరో చేయి పట్టుకునేదాకా పోస్తూనే ఉంది.

కట్టెలకు దుప్పటి కట్టి అతన్ని మోసుకొస్తూ, మోసేవాళ్ళు మారడానికి బొట్లగవి ముందు దించారు. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క కూర్చున్నారు. తరవాత తేనె తీసే సుంకన్న, నేల చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"శివరాత్రికి నేను పోయినప్పుడు సగమే ఉండె."

"నాకూ అంతే," అన్నాడు ఇంకొకాయన. "ఉగాది ముందర. పావుకు ఎక్కువ లేదు. ఎవురో పెట్టిపోయినారనుకుంటి."

"నేనూ అదే అనుకుంటి."

ఒకరి తరవాత ఒకరు చెప్పుకున్నారు. ఎవరికి వారు తమ దగ్గర దాచుకున్న కొలతలను అక్కడ, శవం పక్కన, ఒకదాని పక్కన ఒకటి పెట్టారు. దస్తగిరి అందరికంటే వెనక కూర్చొని ఉన్నాడు. ఉరుకుందమ్మ భుజానికి ఉన్న నన్ను చాలాసేపటినుంచి చూస్తున్నాడు.

"పాపా, ఆ బుర్ర నువ్వు నిన్న ఇందులోనుంచే తీసుకున్నావా?"

ఆమె తలూపింది.

"ఆ ఎర్రదారం ముడి నేను వేసిందేనమ్మా. అమావాస్యనాడు పెట్టిపోయినా."

పున్నమి దాటి అప్పటికే కొన్ని రోజులయింది. ఉరుకుందమ్మ ఆయన వైపు చూసింది. తల తిప్పి గవి మూతివైపు చూసింది. నిన్న ఆమె కూర్చున్నచోట చీర ఒరుసుకొని దుమ్ములో గుర్తు ఇంకా ఉంది.

"ఇప్పుడు చెప్పుకుంటాండారు," అంది. కోపంగా అనలేదు.

ఆ ఏడు వానలు బాగానే పడ్డాయి. చుక్క తిరిగి రాలేదు. గని వల్లనే ఎండిందని ఊరివాళ్ళు అన్నారు. కొన్నేళ్ళుగా వానలు లేక ఎండిందని గనివాళ్ళు అన్నారు. గవమ్మే పోయిందని గిడ్డమ్మ అంది. రాయి లోపల ఏం జరిగిందో పొదుగు కింద అన్నేళ్ళు కూర్చున్న నాకే తెలియదు. ఆ తరవాత గట్టు మీదుగా నడిచినవాళ్ళు లేరు. దోవ మీద ముళ్ళకంప పెరిగింది. పెద్దవంక మనుషులు బండిబాటన, పెళ్ళికో చావుకో తప్ప రారు. బుర్రలు ఎక్కడివక్కడ ఇళ్ళలో ఆగిపోయాయి. మాకు సొంతదారులు ఏర్పడ్డారు. అలా నేను ఉరుకుందమ్మదాన్ని అయ్యాను.

పొట్టేళ్ళను అమ్మేసి ఆమె గని పనికి పోసాగింది. సాయంత్రం తెల్లటి దుమ్ముతో తిరిగి వచ్చేది. అక్కడ తాగడానికి ట్యాంకరు నీళ్ళు, ప్లాస్టిక్ డబ్బాలు. నాతో పని లేదు.

ఎండిన బుర్రకు అప్పుడప్పుడు నీటి తడి తగలాలి. లేకపోతే పగులుతుంది. గిడ్డమ్మకు ఆ సంగతి తెలుసు. కోడలు పనికి పోయాక నన్ను మేకునుంచి దించి, లోపల దోసెడు నీళ్ళు పోసి, తిప్పి, మళ్ళీ తగిలించేది. ఒకనాడు ఉరుకుందమ్మ తొందరగా వచ్చి అది చూసింది.

"ఎందుకత్తా?"

"పగులుతాది మే."

"పగలనీ."

గిడ్డమ్మ నన్ను మేకుకు తగిలించింది. మర్నాడూ నీళ్ళు పోసింది. ఉరుకుందమ్మ మళ్ళీ అడగలేదు. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఒకే పొయ్యి మీద వండుకొని, ఒకే పళ్ళెంలోంచి ఉప్పు తీసుకొని తింటూ, కంబగిరి పేరు ఎత్తకుండా రెండేళ్ళు గడిపారు. ఆ చలికాలం గిడ్డమ్మకు జ్వరం వచ్చింది. తగ్గలేదు.

అత్త దినాలు అయ్యాక ఒక మధ్యాహ్నం ఉరుకుందమ్మ నన్ను మేకునుంచి దించింది. గుడ్డతో నా మీది దుమ్ము తుడిచింది. నా మూతి చుట్టూ ఉన్న తెల్లటి పొర మీద వేలు పెట్టి మెల్లగా రాసింది. చెంబుతో నీళ్ళు తెచ్చి నాలో పోసింది. గిడ్డమ్మ పోసినట్టు దోసెడు కాదు, మెడదాకా పోసింది. అంత బరువు నేను ఎరిగి ఎన్నేళ్ళో అయింది. ఒళ్ళంతా చల్లబడింది. ఇక రోజూ పోస్తుందనుకున్నాను.

ఆమె నన్ను రెండు చేతులతో పట్టుకొని గడపలో నిలబడింది. చాలాసేపు నిలబడింది. తరవాత నన్ను ఎత్తి, ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగకుండా, ఆ నీళ్ళన్నీ తనే తాగేసింది. చివరి చుక్క దులిపి, ఎండలో బోర్లించి, లోపల తడి లేకుండా ఆరాక మళ్ళీ మేకుకు తగిలించింది. ఆ తరవాత నన్ను ముట్టుకోలేదు.

ఈ వేసవిలో పగిలాను. మెడనుంచి అడుగుదాకా, ఒకటే పగులు. పెద్ద చప్పుడేమీ కాదు, ఎండుపుల్ల విరిగినంత. ఆమె అప్పుడు ఇంట్లోనే ఉంది, చేటలో జొన్నలు పోసుకొని రాళ్ళు ఏరుతోంది. చప్పుడుకు తలెత్తి నా వైపు చూసింది. లేచి వస్తుందేమోననుకున్నాను. చేటను వెలుతురు దిక్కుకు తిప్పుకొని, మళ్ళీ రాళ్ళు ఏరుకోసాగింది.